సీఎన్‌సీ యంత్రానికి తగిలించే పాత కంప్యూటర్ సంగతి

సంపాదకులకు,

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. ఆఫీసుల్లోంచి, కాలేజీ ల్యాబుల్లోంచి పాత డెస్క్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్ షాపులకు చేరుతున్నాయి. సింహద్వారం తలుపు చెక్కడానికో, యాక్రిలిక్ నేమ్‌ప్లేట్లు కోయడానికో చిన్న సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే, కోసే యంత్రం) సొంతంగా బిగించుకునేవాళ్లు వాటినే కొంటున్నారు. కొనడం మంచిదే. తెచ్చి యంత్రానికి తగిలించాక రెండో రోజుకే గజలక్ష్మి ముక్కు పక్కకు జరిగితే మాత్రం నేరం మోటార్ల మీదికి, స్క్రూల మీదికి పోతుంది. మోటారు మారుస్తారు, డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే పెట్టె) మారుస్తారు, ఆఖరికి విసుగొచ్చి యంత్రమే అమ్మేస్తారు. అన్నిటికంటే ముందు చూడాల్సిన కంప్యూటర్‌నీ, దానికి వచ్చే కరెంటునీ చూసేవాళ్లు తక్కువ. ఆ చూడటం ఎలాగో రాస్తున్నాం. ఉత్తరం కొంచెం పొడవైంది, అంకెలు మాత్రం కత్తిరించకుండా వేయమని మనవి.

మామూలు పనులకు కంప్యూటర్ వేగంగా ఉంటే చాలు. సీఎన్‌సీకి అది వేళ తప్పకూడదు. ఒక లెక్క చూడండి. చుట్టుకు 5 మి.మీ. కదిపే (5 మి.మీ. లీడ్ ఉన్న) బాల్‌స్క్రూ, చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పును 8 మైక్రోస్టెప్పులుగా విడగొట్టే డ్రైవర్. ఒక మైక్రోస్టెప్పు కదలమని చెప్పే సంకేతమే పల్సు; చుట్టుకు 1,600 పల్సులు, మిల్లీమీటరుకు 320. నిమిషానికి 1,500 మి.మీ. వేగంతో కోస్తుంటే సెకనుకు 8,000 పల్సులు, అంటే పల్సుకూ పల్సుకూ మధ్య 125 మైక్రోసెకన్లు. ఆ మధ్యలో కంప్యూటర్ తన వేడి చూసుకోవడానికో, కరెంటు పొదుపు చేయడానికో 200 మైక్రోసెకన్లు పక్కకు వెళ్లిందనుకోండి. మనకు తెలియదు, తెర మీద మౌస్ కూడా తడబడదు. మోటారుకు మాత్రం పరిగెడుతున్న బండికి బ్రేకు వేసి, వెంటనే యాక్సిలరేటర్ తొక్కినట్టు ఉంటుంది. గ్యాంట్రీ (బిట్టును మోసే అడ్డదూలం) బరువుకు రోటర్ (మోటారులో తిరిగే భాగం) పట్టు జారుతుంది. స్టెప్పర్ మోటారు జారితే నాలుగేసి ఫుల్ స్టెప్పుల లెక్కన జారుతుంది కాబట్టి, పై లెక్కలో తేడా 0.1, 0.2, 0.3 మి.మీ. ఇలా వస్తుంది. జరిగిన ముక్కును వెర్నియర్‌తో కొలిచి ఈ లెక్క పడుతోందేమో చూడండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది.

కంప్యూటర్ ఎంపికకు రెండు దారులున్నాయి. పల్సులు కంప్యూటరే ప్రింటర్ పోర్టు ద్వారా పంపడం ఒకటి, విడిగా ఒక బోర్డు పంపుతుంటే కంప్యూటర్ దానికి ఆదేశాలు మాత్రం అందించడం రెండోది. మొదటి దారికి ఇంటెల్ కోర్ 2 డ్యువో నుంచి నాలుగో తరం ఐ5 వరకు చాలా డెస్క్‌టాప్‌లు పనికొస్తాయి. 4 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. వెనకాల 25 రంధ్రాల ప్రింటర్ పోర్టు ఉంటే సరే. లేకపోతే మదర్‌బోర్డు మీద 26 పిన్నుల హెడర్ ఉందేమో చూడాలి, ఉంటే పట్టీ కేబుల్ తగిలిస్తే పోర్టు వచ్చేస్తుంది. అదీ లేకపోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు వేయాలి. యూఎస్‌బీని ప్రింటర్ పోర్టుగా మార్చే కేబుల్ మాత్రం కొనకండి. అది ప్రింటర్‌కు అక్షరాలు మోయడానికి చేసింది, పిన్నును నేరుగా పైకీ కిందికీ ఆడించలేదు. షాపులో 'సేమ్ సార్' అంటారు. సేమ్ కాదు. ఈ మొదటి దారికి ల్యాప్‌టాప్ కూడా వద్దు: బ్యాటరీ పొదుపు కోసం అది మాటిమాటికీ పక్కకు వెళ్తూనే ఉంటుంది.

కొన్నాక మొదటి పని బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేస్తుండగానే తెరుచుకునే సెట్టింగుల్లో. సీ-స్టేట్స్, సీ1ఈ, స్పీడ్‌స్టెప్, టర్బో, హైపర్ థ్రెడింగ్ ఆపేయాలి. ప్రాసెసర్ ఖాళీ దొరికితే కునుకు తీయడానికి ఉన్నవి మొదటి రెండూ; లేచే సరికి పట్టే సమయమే మన ఆలస్యం. ప్యారలల్ పోర్టును ఈపీపీ మోడ్‌లో పెట్టి, అడ్రసు 378 అని రాసుకోండి. సౌండ్ కార్డు, వైఫై, వాడని సీరియల్ పోర్టులు ఆపేయండి. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ ఏం చేయాలి అని అడిగే చోట 'ఆగి ఉండాలి' అనే పెట్టండి. కోతలు మామూలైన చోట, మనిషి లేనప్పుడు తనంతట తాను లేచే యంత్రం ఎవరికీ వద్దు.

ఇక్కడే ఒక చిన్న బిళ్ల సంగతి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్ ఉంటుంది. పాత కంప్యూటర్‌లో అది అయిపోయి ఉంటే రాత్రి స్విచ్ ఆపగానే బయోస్ సెట్టింగులన్నీ పోయి కంపెనీ సెట్టింగులు వచ్చేస్తాయి. నిన్న బాగా కోసిన యంత్రం ఇవాళ స్టెప్పులు తింటుంటే (మధ్యలో వదిలేస్తుంటే), గడియారం తేదీ చూడండి. పాత సంవత్సరం చూపిస్తుంటే సెల్ పోయినట్టే. మల్టీమీటర్‌లో 3 వోల్టులకు కాస్త అటూ ఇటూ ఉండాలి, 2.7 కిందికి దిగితే మార్చేయండి. ఎలాగూ మూత తీశారు కాబట్టి ర్యామ్ పట్టీలు బయటికి తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టండి. సముద్రపు గాలి తగిలే అంతర్వేది, నరసాపురం వైపు ఇది ఏడాదికోసారి తప్పని పని.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. సీఎన్‌సీని నడిపే మాక్3 ప్రోగ్రామ్ చాలామందికి తెలుసు. దాని ప్రింటర్ పోర్టు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ 32 బిట్ విండోస్‌లోనే, అంటే ఎక్స్‌పీ, విస్టా, 7లలోనే పనిచేస్తుంది. 64 బిట్ విండోస్ 10లో వేసి 'మోటారు కదలడం లేదు' అని తలపట్టుకోవడం అనవసరం. పెన్‌డ్రైవుల్లో తిరిగే క్రాకు కాపీలు వైరస్‌లతో సహా వస్తాయి కాబట్టి వాటి జోలికి పోకండి. మా ఓటు లినక్స్‌సీఎన్‌సీకి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో ఈఎంసీ పేరుతో మొదలైన ప్రోగ్రామ్ ఇది; ఉచితం, సోర్సు కూడా తెరిచే ఉంటుంది. 2.9 వెర్షన్ డెబియన్ 12తో కలిపి ఒకే ఐఎస్‌ఓ ఫైలుగా దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి దాన్ని ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో రాయాలి. రూఫస్ వాడితే డీడీ మోడ్ ఎంచుకోవాలి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి పరీక్షించే వీలుంది. కొనే ముందు షాపులోనే చేయాల్సిన పరీక్ష అదే.

పరీక్ష పేరు లేటెన్సీ టెస్ట్ (లేటెన్సీ అంటే పైన చెప్పిన ఆలస్యమే). మెనూలో సీఎన్‌సీ కింద ఉంటుంది. మొదలుపెట్టి ఊరికే చూస్తూ కూర్చోకూడదు, కంప్యూటర్‌ని బాగా సతాయించాలి. ఒకవైపు వీడియో పెట్టండి, పెన్‌డ్రైవ్‌లోకి రెండు మూడు జీబీల ఫైలు కాపీ పెట్టండి, కిటికీలను అటూ ఇటూ లాగండి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ గుచ్చండి (బూట్ చేసినది కాదు, ఇంకోటి). కనీసం 15 నుంచి 20 నిమిషాలు. చూడాల్సింది బేస్ థ్రెడ్ (పల్సులు పంపే పని) వరుసలో మ్యాక్స్ జిట్టర్ (అన్నిటికంటే ఎక్కువగా వేళ తప్పింది ఎంత) అంకె. అది నానోసెకన్లలో ఉంటుంది. 20,000 లోపు ఉంటే బంగారం. 30,000 నుంచి 50,000 దాకా ఉంటే పనికొస్తుంది, గరిష్ఠ వేగం తగ్గుతుంది. లక్ష దాటితే ప్రింటర్ పోర్టు దారికి ఆ కంప్యూటర్ పనికిరాదు. 10 లక్షలు దాటితే లినక్స్‌సీఎన్‌సీకే పనికిరాదు. అంకె పెద్దదిగా వచ్చిందని వెంటనే వదిలేయకండి. విడిగా ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే పీకి, మదర్‌బోర్డు వీడియోతో మళ్లీ చూడండి. చాలాసార్లు అంకె సగానికి సగం పడిపోతుంది. రెండు, నాలుగు కోర్ల ప్రాసెసర్ అయితే బూట్ లైనులో ఐసోల్‌సీపీయూస్ అనే మాట చేర్చి, ఆఖరి కోరును పూర్తిగా ఈ పనికే వదిలేయవచ్చు.

ఇన్‌స్టాల్ అయ్యాక యంత్రం నడుస్తుండగా 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే' అని ఒక పెట్టె వస్తే దాన్ని మూసేసి పని సాగించేవాళ్లే ఎక్కువ. ప్రోగ్రామ్ తెరిచాక మొదటిసారి జరిగినప్పుడే ఆ హెచ్చరిక చూపిస్తుంది, తరువాత వందసార్లు జరిగినా మాట్లాడదు. మళ్లీ రాలేదు కాబట్టి బాగైపోయిందనుకుంటే చెక్క పోతుంది.

ప్రింటర్ పోర్టులో 2 నుంచి 9 దాకా, 1, 14, 16, 17 మొత్తం 12 పిన్నులు బయటికి ఇచ్చేవి. 10, 11, 12, 13, 15 లోపలికి తీసుకునే ఐదు. 18 నుంచి 25 గ్రౌండ్. మూడు అక్షాలకు స్టెప్, డైరెక్షన్ కలిపి ఆరు పిన్నులు పోతాయి. లోపలికి ఐదే కాబట్టి మూడు లిమిట్ స్విచ్‌లను (అక్షం చివరికి చేరితే తగిలేవి) వరుసగా ఒకే తీగకు కలిపి ఒక పిన్నుకు, ఎమర్జెన్సీ స్టాప్‌ను ఇంకో పిన్నుకు, టూల్ ఎత్తు చూసే ప్రోబ్‌ను మరో పిన్నుకు ఇస్తారు. మోటారు కదలకపోతే ముందు మల్టీమీటర్ తీయండి: 2వ పిన్నుకూ 25వ పిన్నుకూ మధ్య, కంప్యూటర్ ఆ 2వ పిన్నును ఆన్, ఆఫ్ చేస్తున్నప్పుడు వోల్టేజీ సున్నా నుంచి 3.3 లేదా 5 వోల్టులకు మారాలి. మారకపోతే డ్రైవర్లను ముట్టుకోవద్దు, తప్పు ఇవతలే ఉంది. కార్డు వేసినవాళ్లకు అడ్రసు 378 ఉండదు. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని మైనస్ వీతో ఇస్తే ఆ కార్డు కింద ఐఓ పోర్ట్స్ అని కనిపించే మొదటి అంకెను సెట్టింగులో రాయాలి. కొన్ని మదర్‌బోర్డులు 3.3 వోల్టులే ఇస్తాయి, 5 వోల్టులు కోరే చవక డ్రైవర్లకు అది చాలదు. మధ్యలో బఫర్ (సంకేతాన్ని బలపరిచే చిప్పు) ఉన్న బ్రేక్‌ఔట్ బోర్డు (పోర్టు పిన్నులను విడివిడి తీగలకు అందించేది) తప్పనిసరి. పోర్టు కాలకుండా కాపాడేదీ ఆ బోర్డే.

మైక్రోస్టెప్పుల పిచ్చి ఒకటుంది. డ్రైవర్ మీద స్విచ్‌లు 32 దాకా ఉన్నాయి కదా అని 32 పెడతారు. మిల్లీమీటరుకు 1,280 పల్సులు అవుతాయి. కంప్యూటర్ సెకనుకు 25,000 పల్సులు ఇవ్వగలిగితే నిమిషానికి 1,170 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అదే కంప్యూటర్, 8 మైక్రోస్టెప్పులతో నిమిషానికి 4,680 దాకా పోతుంది. 8 లేదా 10 దాటాక చెక్క పనిలో కంటికి కనిపించే నునుపేమీ పెరగదు. కొలత సరిచూసుకోవాలంటే ముందు 10 మి.మీ. ఒకే దిశలో నడిపి వదులు తీసేసి, అక్కడి నుంచి 100 మి.మీ. నడిపి కొలవండి. 99.4 వస్తే 320ని 100తో గుణించి 99.4తో భాగించాలి, 321.93 వస్తుంది. ర్యాక్, బెల్టు ఉన్న యంత్రాలకు ఇది సరే. మంచి బాల్‌స్క్రూతో ఇంత తేడా వస్తే లెక్క దిద్దకండి, కప్లింగ్ స్క్రూ వదులైందేమో చూడండి.

రెండో దారి, విడి బోర్డు. చవకైనది ఆర్డ్యూనో ఊనో అనే చిన్న బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్. పల్సులు బోర్డే సెకనుకు 30,000 దాకా ఇస్తుంది, కాబట్టి కంప్యూటర్ లేటెన్సీ గొడవ లేదు, ల్యాప్‌టాప్ కూడా నడుస్తుంది. బజారులో దొరికే ఊనోల్లో ఎక్కువ భాగం నకళ్లు, వాటికి సీహెచ్340 డ్రైవర్ వేస్తేనే కామ్ పోర్టు కనిపిస్తుంది. వేగం 115200. పైన గుచ్చే సీఎన్‌సీ షీల్డ్ మూడో వెర్షన్‌లో అందరూ పడే గొయ్యి ఒకటుంది: దాని మీద జడ్ (పైకీ కిందికీ కదిలే అక్షం) లిమిట్ అని రాసిన పిన్నును జీఆర్‌బీఎల్ 1.1 స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) వేగానికి వాడుకుంటుంది. జడ్ స్విచ్ తీగను స్పిండిల్ ఎనేబుల్ అని రాసిన చోట తగిలించాలి. అది తెలియక హోమింగ్ (స్విచ్ తగిలేదాకా నడిపి యంత్రం మొదటి స్థానం పట్టడం) కొడితే జడ్ పైకి వెళ్లి కట్టకు గుద్దుకుని గుర్రుమంటూనే ఉంటుంది, కొంతసేపటికి అలారం 9 వస్తుంది. అలారం 9 అంటే స్విచ్ దొరకలేదని. 8 అయితే స్విచ్ దొరికింది గానీ వెనక్కి వచ్చినా వదల్లేదని. డాలర్ 27 అనే సెట్టింగులో ఉన్న దూరాన్ని 1 నుంచి 3 మి.మీ.కు పెంచండి. అలారం 1 లిమిట్ స్విచ్ నిజంగా తగిలిందనో, లేక కరెంటు శబ్దం (తీగల్లోకి చొరబడే దొంగ సంకేతం) వల్ల తగిలిందనిపించిందనో చెబుతుంది. అలారం 2లో స్థానం పోదు, ఫైలు యంత్రం పరిధి దాటిందంతే. ఎర్రర్ 9 చూసి బోర్డు పోయిందనుకోకండి: అలారంలో ఉన్నప్పుడు ఆదేశం ఇచ్చారు, హోమింగ్ చేస్తే పోతుంది. డాలర్ 1ను 255 చేయండి. లేకపోతే కదలిక ఆగిన కాసేపటికి మోటార్లు పట్టు వదిలేస్తాయి, బరువైన స్పిండిల్ ఉన్న జడ్ అక్షం మెల్లగా కిందికి దిగి చెక్కలో గుచ్చుకుంటుంది.

ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే లినక్స్‌సీఎన్‌సీతో నడిచే మెసా ఈథర్నెట్ బోర్డులు మేలు. 7ఐ96ఎస్ అయితే ఐదు అక్షాలకు పల్సులు తానే ఇస్తుంది. కంప్యూటర్ మిల్లీసెకనుకోసారి పలకరిస్తే చాలు, కాబట్టి లేటెన్సీ లక్ష నానోసెకన్లు దాటిన కంప్యూటర్‌ను కూడా దీనితో వాడుకోవచ్చు. కేబుల్ నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి, మధ్యలో ఇంటి రౌటర్ వద్దు.

స్టెప్పులు పోతున్నప్పుడు కారణం పట్టుకోవడానికి మూడు పరుగుల పద్ధతి ఉంది. ఒకే ఫైలును మూడుసార్లు నడపాలి. బల్ల మీద తెల్లకాగితం అంటించి, బిట్టు స్థానంలో సన్నటి పెన్సిల్ ములుకు బిగించి సున్నా దగ్గర చుక్క పెట్టండి. మొదటి పరుగు జడ్ పైకెత్తి, స్పిండిల్ ఆపి, గాల్లో. సున్నాకు తిరిగొచ్చాక మళ్లీ చుక్క. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకపోతే తప్పు కంప్యూటర్‌లోనో, వేగం, యాక్సిలరేషన్ సెట్టింగుల్లోనో ఉంది. యాక్సిలరేషన్ సగం చేసి మళ్లీ నడపండి, అప్పుడు సరిపోతే అదే. రెండో పరుగు స్పిండిల్ తిప్పుతూ గాల్లోనే (దీనికి పెన్సిల్ తీసేసి, సున్నాను డయల్ గేజ్‌తో చూడాలి). ఇప్పుడే తేడా వస్తే కరెంటు శబ్దం. మూడో పరుగు నిజంగా కోస్తూ. అప్పుడు మాత్రమే వస్తే బిట్టు మొద్దుబారడం, లోతు ఎక్కువ కావడం, స్క్రూ బిగుసుకోవడం లాంటివి. ఈ మూడూ చేయకుండా ఫోన్‌లో 'స్టెప్పులు పోతున్నాయి' అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

జడ్ మాత్రమే, అదీ ఒకే దిశలో, మెల్లమెల్లగా జరగడం వేరే కథ. దేవుడి బొమ్మ చెక్కేటప్పుడు పైన కిరీటం సరిగా వచ్చి, పాదాల దగ్గరికి వచ్చేసరికి లోతు ఎక్కువైపోతుంది. స్టెప్ పల్సు అంచు తిరగబడి ఉంటే, దిశ మారినప్పుడు డ్రైవర్ ఒక మైక్రోస్టెప్పును తప్పు వైపు లెక్కేస్తుంది. ఒక్కటే కాబట్టి కనిపించదు. ఉబ్బెత్తు బొమ్మలో జడ్ వేలసార్లు పైకీ కిందికీ ఆడుతుంది. ప్రతి ఆటకూ ఒక్కటి పోయినా 640 ఆటలకు 2 మి.మీ. తేడా. మాక్3లో మోటార్ ఔట్‌పుట్స్ పట్టికలో స్టెప్ లో యాక్టివ్ గుర్తును తిరగేస్తే సరి. లినక్స్‌సీఎన్‌సీ అయితే స్టెప్‌కాన్ఫ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో ఆ పిన్నుకు ఇన్వర్ట్ పెట్టి, డైరెక్షన్ సెటప్, హోల్డ్ సమయాలను (పల్సుకు ముందూ తరువాతా దిశ నిలకడగా ఉండాల్సిన సమయాలు) డ్రైవర్ మాన్యువల్ ప్రకారం రాయాలి. డీఎమ్542 లాంటి డ్రైవర్లకు డైరెక్షన్ 5 మైక్రోసెకన్లు ముందే మారాలి. టీబీ6600 పేరుతో వచ్చే చవక పెట్టెలకు 10 నుంచి 20 మైక్రోసెకన్లు ఇచ్చి చూడండి.

ఇక స్పిండిల్ ఆన్ చేయగానే యూఎస్‌బీ తెగిపోవడం. దీని మూలం వీఎఫ్‌డీ, అంటే స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టె. 2.2 కిలోవాట్ స్పిండిల్‌ను 400 హెర్ట్జ్ దగ్గర 24,000 ఆర్‌పీఎమ్ తిప్పడానికి అది కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి అతికిస్తుంది. ఆ తెంపుడు స్పిండిల్ తీగలోంచి చుట్టుపక్కల సన్నతీగలన్నిటికీ అంటుకుంటుంది. స్పిండిల్‌కు నాలుగు కోర్ల షీల్డ్ కేబుల్ వాడండి, షీల్డ్‌ను వీఎఫ్‌డీ దగ్గర ఎర్తుకు కలపండి. లిమిట్ స్విచ్‌ల తీగలకు షీల్డ్‌ను కంట్రోలర్ చివర మాత్రమే కలపాలి. రెండింటి మధ్య కనీసం 30 సెం.మీ. దూరం ఉంచి, తప్పక దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఒకే కేబుల్ చైన్‌లో పక్కపక్కన పడుకోబెట్టడమే సగం గొడవలకు మూలం. యూఎస్‌బీ కేబుల్ మీటరున్నర దాటకుండా, రెండు చివరలా ఫెర్రైట్ గుండు ఉన్నది కొనండి. ఆర్డ్యూనో లిమిట్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 104 అని రాసుండే చిన్న కెపాసిటర్, అంటే 0.1 మైక్రోఫారడ్, పిన్ను నుంచి 5 వోల్టులకు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే దొంగ అలారం 1లు చాలావరకు పోతాయి. లిమిట్ స్విచ్‌ను మామూలుగా మూసి ఉండే రకంగానే కలపండి, తీగ ఎలుక కొరికినా యంత్రం ఆగుతుంది.

స్పిండిల్ నాలుగో పిన్ను ఎర్తు అనుకుంటారు. దిగుమతయ్యే చవక స్పిండిళ్లలో చాలావాటికి లోపల ఆ పిన్ను దేనికీ కలిపి ఉండదు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఆ పిన్నుకూ స్పిండిల్ ఒంటికీ మధ్య చూడండి. మోగకపోతే బాడీ నుంచి విడిగా ఎర్తు తీగ వేయించండి. హువాన్‌యాంగ్ రకం వీఎఫ్‌డీ అయితే పీడీ005 సెట్టింగును (గరిష్ఠ ఫ్రీక్వెన్సీ) 400 చేసి, ఆ తరువాత పీడీ004ను (బేస్ ఫ్రీక్వెన్సీ) 400 చేయాలి. పీడీ004 పాత 50 దగ్గరే ఉంటే తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజీ పోయి స్పిండిల్ కాలుతుంది. వాటర్ కూలింగ్ ఉన్నా కాలుతుంది.

ఎర్తింగ్ విషయంలో డెల్టాకు ఒక మంచీ ఒక చెడూ ఉన్నాయి. నేల తడిగా ఉంటుంది కాబట్టి ఎర్తు బాగా పడుతుంది. తీరం వైపు ఉప్పునేలలో జీఐ పైపు తొందరగా తుప్పుపట్టేస్తుంది, ముఖ్యంగా పైన తీగ బిగించే బోల్టు దగ్గర. అక్కడ ఎర్తు గుంతలో ఇంకా ఉప్పు పోయడం తుప్పుకు తోడ్పడటమే. రాగిపూత రాడ్ వేయించడం నయం. ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ చూడండి. 3 వోల్టుల లోపు ఉండాలి, 10, 20 కనిపిస్తే కంప్యూటర్ గొడవ తరువాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కంప్యూటర్, డ్రైవర్ల పవర్ సప్లయ్, వీఎఫ్‌డీ మూడింటి ఎర్తూ ఒకే బార్‌కు విడివిడి తీగలతో రావాలి.

ఆక్వా చెరువులున్న చోట రాత్రిళ్లు ఏరేటర్లన్నీ తిరుగుతుంటే లైను చివర ఇళ్లలో వోల్టేజీ దిగిపోతుంది. మోటార్లకు ఇచ్చే 36 వోల్టుల సప్లయ్ దిగితే పగలు బాగా నడిచిన ఫైలు రాత్రి తప్పుతుంది. కోస్తున్నప్పుడు సప్లయ్ చివర మల్టీమీటర్ పెట్టి వదిలేయండి, ఒక వోల్టుకు మించి ఊగితే స్టెబిలైజరో, పెద్ద సప్లయ్యో కావాలి. ఆ సప్లయ్ పక్కన 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. 115లో ఉండగా మన కరెంటు ఇస్తే పెద్ద చప్పుడుతో పోతుంది, కొత్తది బిగించే ముందు చూసుకోండి. యూపీఎస్ కంప్యూటర్‌కు మాత్రమే పెట్టడం ఇంకో తప్పు. కరెంటు పోతే మోటార్లు చస్తాయి, కంప్యూటర్ మాత్రం అన్నీ కదులుతున్నాయనుకుని ఫైలు చదువుతూ ముందుకు పోతుంది. మోటార్ల కరెంటు లైనులోనే 230 వోల్టుల రిలే కాయిల్ పెట్టి, దాని కాంటాక్టును ఎమర్జెన్సీ స్టాప్ లూపులో వేస్తే కరెంటు పోయిన క్షణంలోనే ప్రోగ్రామ్ ఆగుతుంది. తరువాత హోమింగ్ చేసి, ఆగిన లైనుకు పదిలైన్లు ముందు నుంచి, జడ్ పైకెత్తి మొదలుపెట్టవచ్చు. హోమింగ్ స్విచ్‌లు లేని యంత్రానికి ఈ అదృష్టం లేదు.

ధూళి, వేడి కలిస్తే కనిపించని ఆలస్యం పుడుతుంది. ఎమ్‌డీఎఫ్ పొడి, కొబ్బరి పీచు దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య కంబళిలా పేరుకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, లేటెన్సీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. సంక్రాంతికి 18,000 చూపించిన కంప్యూటర్ మేలో ఎంత చూపిస్తుందో మధ్యాహ్నం పూట మళ్లీ పరీక్షించండి. నెలకోసారి బ్లోయర్ కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. కంప్యూటర్‌ను నేల మీద పెట్టకండి, లంక గ్రామాల్లో అయితే గోడకు స్టాండు వేసి నడుమెత్తున పెట్టండి.

ఆ కంప్యూటర్‌లో ఇంటర్నెట్, ఆటలు, స్క్రీన్‌సేవర్, అప్‌డేట్లు ఉండకూడదు. విండోస్ అయితే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయాలి. ఫైలు మొదట్లో జీ21 (మిల్లీమీటర్లు) ఉందో లేదో చూడండి, జీ20 ఉంటే అది అంగుళాలు. సెట్టింగుల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో దాచి, జీఆర్‌బీఎల్ వాళ్లయితే రెండు డాలర్ గుర్తులు కొట్టినప్పుడు వచ్చే పట్టిక మొత్తం కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించండి. ఎర్ర బటన్ నొక్కితే కంప్యూటర్‌కు కబురు వెళ్లడంతో సరిపెట్టకండి. మోటార్ల కరెంటును, వీఎఫ్‌డీ రన్ సిగ్నల్‌ను నేరుగా తెంపేలా వేయించండి. వీఎఫ్‌డీ మూత విప్పే ముందు కరెంటు తీసి కనీసం పది నిమిషాలు ఆగాలి.

షాపుకు వెళ్లేటప్పుడు ఆ 8 జీబీ పెన్‌డ్రైవ్, ఒక మల్టీమీటర్, కొత్త సీఆర్2032 సెల్ జేబులో వేసుకెళ్లండి. ఇరవై నిమిషాల పరీక్షకు ఒప్పుకుని, వచ్చిన మ్యాక్స్ జిట్టర్ అంకెను బిల్లు మీద రాసిచ్చే చోటే డబ్బు కట్టండి. ఒప్పుకోకపోతే పక్క షాపు ఎలాగూ ఉంది.

ఇట్లు,
యంత్రాల పని తెలిసిన ఇద్దరు పాఠకులు,
పాలకొల్లు